నాగుపాములు: తరచుగా అడిగే ప్రశ్నలు

తొలకరి పడి దుక్కులు మొదలైన దగ్గర్నుంచి నాగులచవితి దాకా నాగుపాముల మీద ఏటా అవే అనుమానాలు వస్తుంటాయి. ఏది ఏ రకం, ఎక్కడుంటుంది, ఎదురుపడితే ఏం చేయాలి, కాటేస్తే ఏం చేయకూడదు అన్నవే వాటిలో ఎక్కువ. వాటికి జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది.

## ఏ నాగు ఎక్కడ ఉంటుంది

నాగుపాము, తాచుపాము, కోడెనాగు, నల్లత్రాచు... ఇవన్నీ వేరువేరు పాములా?

కావు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెల్లో ఈ పేర్లన్నీ దాదాపు ఎప్పుడూ ఒక్క పామువే. దాని శాస్త్రీయ నామం నాజా నాజా. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన 'నాజా' అన్న పేరులో ఉన్నది మన 'నాగ' శబ్దమే. ఒళ్లు గోధుమ రంగులో ఉండొచ్చు, పసుపు డాలుతో ఉండొచ్చు, కాఫీగింజ రంగులోనో పూర్తి నలుపులోనో ఉండొచ్చు. రంగు మారితే జాతి మారదు, విషమూ మారదు. కుబుసం విడిచే ముందు ఒళ్లు మసకబారి, కళ్ల మీద నీలిపొర కమ్ముతుంది. విడిచిన మర్నాడు అదే పాము నిగనిగలాడుతూ కొత్తపాములా కనిపిస్తుంది. 'మా దొడ్లో రెండు రకాల నాగులు తిరుగుతున్నాయి' అని చెప్పేవాళ్లు చాలాసార్లు చూసింది ఒక్కదాన్నే.

మన దేశం మొత్తంలో ఎన్ని రకాల నాగులున్నాయి?

నాజా ప్రజాతిలో (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపును ప్రజాతి అంటారు) నాలుగున్నాయి. రాచనాగులది, అంటే కింగ్ కోబ్రాలది, వేరే ప్రజాతి.

మొదటిది మనకు తెలిసిన నాగుపాము, అంటే పడగ వెనక కళ్లజోడు గుర్తున్నది. పొలం, ఊరు, పట్టణం, చిట్టడవి, ఎక్కడైనా ఉంటుంది. దట్టమైన వానకారు అడవి, గట్టి ఎడారి మాత్రం దానికి పడవు. రెండోది ఒంటి కళ్లజోడు నాగు, నాజా కౌథియా. పడగ మీద ఒకటే గుండ్రటి చుట్ట ఉంటుంది. ఒడిశా, బెంగాల్, ఈశాన్య రాష్ట్రాల్లోని తడినేలలు, వరిమళ్లు, చెరువు గట్లు దాని చోటు. మూడోది కాస్పియన్ నాగు, నాజా ఆక్సియానా. జమ్మూకశ్మీర్, హిమాచల్ రాళ్లకొండల నుంచి ఇరాన్, తుర్క్‌మెనిస్తాన్ దాకా ఉంటుంది. పెద్దదాని పడగ మీద గుర్తేమీ ఉండదు. నాలుగోది అండమాన్ నాగు, నాజా సాజిటిఫెరా. ఆ దీవుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పటి శ్రీ విజయపురం) స్థిరపడినవాళ్లు పెరట్లో చూసేది దీన్నే.

గుర్తు కన్నా ఊరే ఎక్కువ నమ్మదగ్గ ఆనవాలు. మీరున్న జిల్లా ఏదో తెలిస్తే నాగు ఏ రకమో ముప్పాతిక వంతు తేలిపోతుంది.

మా ఇంటి దగ్గర కింగ్ కోబ్రా తిరుగుతోంది. నల్లగా, ఆరడుగులు ఉంది. నిజమేనా?

మీరు తూర్పు కనుమల అడవుల్లో, అంటే పాడేరు, అరకు, అనంతగిరి, చింతపల్లి, మాడుగుల చుట్టుపక్కల గానీ శ్రీకాకుళం, పార్వతీపురం కొండల్లో గానీ ఉంటే నిజం కావచ్చు. అక్కడ దాన్ని గిరినాగు అంటారు. హైదరాబాద్, వరంగల్, గుంటూరు, అనంతపురం లాంటి చోట్ల పెరట్లో కనిపించే నల్లటి ఆరడుగుల పాము చాలావరకు జెర్రిపోతు. కాకపోతే నల్లగా ఉన్న మామూలు నాగు.

నాగుపాము మామూలుగా ఒకటి నుంచి ఒకటిన్నర మీటర్లు ఉంటుంది. రెండు మీటర్లు దాటడం అరుదు. గిరినాగు మూడు, నాలుగు మీటర్లు సులువుగా ఉంటుంది, అయిదు మీటర్లు దాటినవీ ఉన్నాయి. పాము బెదిరినప్పుడు చూసేవాళ్ల కంటికి దాని పొడవు సగానికి సగం పెరుగుతుంది. అందుకే పొడవు చూసి రకం తేల్చకండి.

గిరినాగు అంటే నాగుపాముల్లోనే పెద్దదా?

పేరులో నాగు ఉన్నా అది నాజా ప్రజాతిది కాదు. ఓఫియోఫేగస్ అనే వేరే ప్రజాతి. ఆ మాటకు పాముల్ని తినేది అని అర్థం. జెర్రిపోతులు, కొండచిలువ పిల్లలు, కట్లపాములు, చివరికి నాగుపాములు కూడా దానికి తిండే. పడగ సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మీద కళ్లజోడు గుర్తుండదు. ఒంటి మీద లేత పట్టీలుంటాయి. నడినెత్తి వెనక రెండు పెద్ద పొలుసులు పక్కపక్కనే ఉంటాయి, నాజా నాగుల్లో అవి ఉండవు. ఆకులు పోగేసి గూడు కట్టి గుడ్లు పెట్టే పాము ప్రపంచంలో ఇదొక్కటే.

చాలాకాలం దీన్ని ఒకే జాతి అనుకున్నారు. 2024లో నాలుగు జాతులుగా విడదీశారు. తూర్పు కనుమల్లోనిది ఓఫియోఫేగస్ హన్నా. పడమటి కనుమల్లోని దానికి కన్నడిగులు పిలిచే కాళింగ అన్న పేరునే ఖాయం చేశారు. కర్ణాటకలోని ఆగుంబె వానకారు అడవిలో ఉండేది ఆ కాళింగమే. మిగతా రెండింటిలో ఒకటి మలేసియా, ఇండోనేసియా వైపుది, ఇంకొకటి ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ దీవిది.

కళ్లలోకి విషం చిమ్మే నాగులు మన దగ్గర ఉన్నాయా?

మన నాగుపాము విషం చిమ్మదు. కోపంతో బుస కొట్టినప్పుడు నోటి తుంపర పడవచ్చు గానీ అది గురిపెట్టి చిమ్మడం కాదు.

చిమ్మేవి ఆఫ్రికాలోనూ ఆగ్నేయాసియాలోనూ ఉన్నాయి. వాటి కోర రంధ్రం కొసన కిందికి కాకుండా ముందుకు తెరుచుకుని ఉంటుంది. కండరం బిగిస్తే విషం రెండు సన్నటి ధారలుగా రెండు మీటర్ల దూరం పోతుంది. తల అటూ ఇటూ ఊపుతూ మొహానికే గురి పెడతాయి. ఈ విద్య ఆఫ్రికా నాగుల్లో ఒకసారి, ఆసియా నాగుల్లో ఇంకోసారి, రింకాల్స్ అనే దక్షిణాఫ్రికా పాములో మరోసారి, మూడుచోట్ల విడివిడిగా పుట్టింది. తిండి పట్టడానికి అది పనికిరాదు, కేవలం మీదికొచ్చే పెద్ద జంతువు కళ్లు మండించడానికే.

మా వాళ్లు డర్బన్‌లో, మలేసియాలో ఉన్నారు. అక్కడ నాగులు ఏవి?

1860 తరవాత తెలుగు కూలీలు చేరిన, డర్బన్ ఉన్న దక్షిణాఫ్రికా నాటాల్ ప్రాంతంలో ఇళ్ల దగ్గర ఎక్కువగా కనిపించేది మొజాంబిక్ స్పిటింగ్ కోబ్రా. జులూలో ఎంఫెజీ అంటారు. బూడిదరంగు ఒళ్లు, గొంతు కింద గులాబీ ఛాయ మీద నల్లటి అడ్డపట్టీలు. రాత్రిళ్లు కప్పల కోసం ఇళ్లలోకి వస్తుంది. మలేసియా పామాయిల్ తోటల్లో ఉండేది నల్లటి సుమత్రా స్పిటింగ్ కోబ్రా, దానితోపాటు అక్కడి రాచనాగు. రెండు దేశాల్లోనూ పాము దగ్గరికి వెళ్లేవాళ్లు కళ్లజోడు పెట్టుకోవడం తప్పనిసరి.

కంట్లో పడితే రుద్దకూడదు. రెప్పలు తెరిచి పట్టుకుని, పారే నీటితో 15 నుంచి 20 నిమిషాలు కడగాలి. నీళ్లు లేకపోతే పాలైనా సరే. తరవాత కంటి డాక్టరుకు చూపించాలి. కడగకుండా వదిలేస్తే నల్లగుడ్డు మీద పుండుపడి చూపు పోయే ప్రమాదముంది.

నీళ్లలో బతికే నాగులు కూడా ఉంటాయా?

ఉంటాయి. మధ్య ఆఫ్రికాలో, ముఖ్యంగా టాంగన్యీకా సరస్సులో, చేపలే తిండిగా బతికే నీటినాగు ఉంది. మన నాగుపాము కూడా బాగా ఈదుతుంది. వరదొచ్చినప్పుడు గట్టు ఎక్కి ఇళ్లలోకి రావడం అందుకే. 2018 వానాకాలంలో దివిసీమలో పాముకాట్లు ఒక్కసారిగా పెరిగాయి. కలుగుల్లోకి నీళ్లు చేరితే పాములూ మనుషులూ అదే మెట్టనేలకు చేరతారు.

## చూసి గుర్తుపట్టడం

పడగ విప్పకపోతే నాగుపామని ఎలా తెలుస్తుంది?

పడగ ఎప్పుడూ విప్పి ఉండదు. మెడ దగ్గరి పొడవాటి పక్కటెముకల్ని చాపితేనే చర్మం సాగి పడగవుతుంది. తాపీగా పోతున్న నాగు మామూలు పాములాగే ఉంటుంది. అప్పుడు చూడాల్సింది తల. మెడకూ తలకూ పెద్ద తేడా ఉండదు, మూతి మొద్దుగా ఉంటుంది. గొంతు కింద వెడల్పాటి నల్ల పట్టీలు ఒకటో రెండో ఉంటాయి. చచ్చిన పాములోనూ ఇవి కనిపిస్తాయి. పొలుసులు నున్నగా, కొంచెం మెరుస్తూ ఉంటాయి.

చచ్చిందనుకున్న పాము తల దగ్గరికి చెయ్యి పోనివ్వకండి. తెగిన తల కూడా కొంతసేపు కాటేయగలదు.

పడగ మీద కళ్లజోడు గుర్తు లేదు. విషం లేనిదేనా?

కాదు. కొన్ని నాగుపాముల్లో ఆ గుర్తు చెరిగిపోయినట్టు ఉంటుంది, కొన్నింటికి అసలే ఉండదు. గుర్తు వీపువైపు ఉంటుంది కాబట్టి మీ ఎదుట నిలబడిన పాముకు అది మీకు కనిపించదు కూడా. గుర్తు లేదని ధైర్యం చేసి పట్టుకోబోయి కాటు తిన్నవాళ్లున్నారు.

జెర్రిపోతుకూ నాగుపాముకూ తేడా ఏంటి? జెర్రిపోతు నాగుకు మగడంటారు కదా?

జెర్రిపోతు వేరే జాతి. దానికి విషం లేదు. జెర్రిపోతుల్లో ఆడా మగా ఉన్నాయి, నాగుల్లోనూ ఉన్నాయి. రెండు జాతులూ జతకట్టవు.

జెర్రిపోతుకు కళ్లు పెద్దవి. పెదవుల పొలుసుల మధ్య నిలువుగా నల్ల గీతలు, పెన్నుతో గీసినట్టు స్పష్టంగా ఉంటాయి. మెడ సన్నగా, తల విడిగా తెలుస్తుంది. పగటిపూట వేగంగా పాకుతుంది, చెట్లెక్కుతుంది. మూలకు నెడితే మెడ ఉబ్బించి గుర్రుమని శబ్దం చేస్తుంది గానీ పడగ విప్పదు. రైతుకు ఇంత మేలు చేసే జీవి ఇంకోటి దొరకదు. ఎలుకల్ని కలుగుల్లోకి దూరి మరీ తింటుంది. నాగనుకుని ఏటా ఎన్నో జెర్రిపోతుల్ని కొట్టి చంపుతున్నారు. ఇది చూస్తే నిజంగా బాధ వేస్తుంది.

బావిలో నాచు మధ్య మెడ వెడల్పు చేసి లేచింది. నాగేనా?

చెరువుల్లో, బావుల్లో ఉండే గళ్ల నీటిపాము కూడా బెదిరితే మెడ చదును చేసి లేస్తుంది. ఒంటి మీద చదరంగం గళ్లలాంటి మచ్చలు, కంటి కింద నుంచి వెనక్కి రెండు నల్ల గీతలు ఉంటే అది నీటిపాము. విషం లేదు గానీ గట్టిగా కరుస్తుంది. అనుమానం ఉంటే నాగనే అనుకుని దూరంగా ఉండండి.

పిల్ల నాగు విషం పెద్దదానికన్నా ఎక్కువా?

గుడ్డులోంచి బయటికి వచ్చేటప్పటికే పిల్లకు కోరలూ విషమూ సిద్ధంగా ఉంటాయి. 20 నుంచి 30 సెంటీమీటర్ల పిల్ల కూడా పడగ విప్పి నిలబడుతుంది. కానీ దాని విషపు సంచి చిన్నది కాబట్టి దించగలిగేది తక్కువే. పెద్దదానికన్నా ప్రమాదం అన్న మాట సరికాదు. అలాగని తేలిగ్గా తీసుకోకూడదు, పిల్ల కాటుకు కూడా ఆసుపత్రికే.

## పుట్ట, పాలు, పగ

పుట్ట పాము కట్టుకుంటుందా?

పుట్ట కట్టేవి చెదలు. లోపల చల్లగా, తేమగా, ఏడాదంతా దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. చెదలు వదిలేసిన గదుల్లోకి ఎలుకలు చేరితే వాటి వెనకే పాము చేరుతుంది. పొలం గట్టున ఉన్న పాత పుట్ట, తాటిమొద్దు వేళ్ల సందు, ఎలుక కలుగు, గడ్డివాము అడుగు, రాళ్ల కుప్ప, ఇటుకల దొంతర, కోళ్లగూడు పక్క... నాగు ఇల్లు ఇవే. సొంతంగా తవ్వుకోలేదు.

పుట్టలో పాలు పోస్తే తాగుతుందా?

పాము ఒంటికి పాలు అరగవు. నాగులాటల వాళ్లు చూపించే పాము తాగడానికి కారణం దాన్ని రోజుల తరబడి నీళ్లివ్వకుండా ఎండబెట్టడం. దాహంతో ఉన్న పాము ఏ ద్రవాన్నైనా తాగుతుంది, తరవాత దానితోనే చాలావరకు చస్తుంది. కార్తీకంలో నాగులచవితికి గానీ, తెలంగాణలో శ్రావణ నాగపంచమికి గానీ పుట్ట దగ్గర దండం పెట్టి, పసుపు కుంకుమ పక్కన చల్లి, పాలు ఇంట్లో పిల్లలకు పంచితే పూజకు లోటేమీ ఉండదు. కలుగులోకి లీటర్ల కొద్దీ పాలు, గుడ్లు పోస్తే లోపల కుళ్లి చీమలు పడతాయి, పాము ఆ పుట్ట వదిలిపోతుంది.

దెబ్బతిని తప్పించుకున్న పాము పగబడుతుందా?

'పాము పగ పన్నెండేళ్లు' అన్న సామెత ఉంది గానీ మనిషి మొహం గుర్తుపెట్టుకునే తెలివి పాముకు లేదు. ఒకదాన్ని చంపిన చోటికి ఇంకొకటి రావడానికి కారణాలు వేరే. అక్కడ ఎలుకలున్నాయి, కలుగుంది, నీడుంది. జతకట్టే కాలంలో ఆడపాము వదిలిన వాసన పట్టుకుని మగపాములు ఆ దారినే వస్తాయి. చంపిన పాము ఒంటి వాసన నేలకు అంటుకున్నా అదే జరుగుతుంది.

రెండు పాములు మెలేసుకుని లేచాయి. మీద గుడ్డ వేస్తే మంచిదంటారు?

ఆ మెలేసుకునేవి తరచుగా రెండు మగపాములు. ఆడదాని కోసం ఎదుటిదాని తలను నేలకు అదమడానికి పెనుగులాడుతుంటాయి. జెర్రిపోతుల్లో ఇది ఎక్కువగా కనబడుతుంది. గుడ్డ వేయడానికి దగ్గరికి వెళ్లడమే ప్రమాదం. పది అడుగుల దూరం నుంచి చూసి వదిలేయండి.

నాగస్వరం వింటే ఆడుతుందా?

నాగుకు బయటి చెవి లేదు. నేల అదురు బాగా తెలుస్తుంది, గాలిలోని మంద్రధ్వని కొంత తెలుస్తుంది. అది ఊగేది ఎదురుగా కదిలే బూరను చూసి, దాడి వస్తుందేమోనని.

## ఎదురైనప్పుడు

చేలో ఎదురై పడగ విప్పి నిలబడింది. ఏం చేయాలి?

ఆగిపోండి. చేతులు, కర్ర ఊపకండి. నాగు చూపు కదలిక మీదే ఉంటుంది. ఒంటిలో మూడో వంతు లేపి నిలబడుతుంది, ఆ ఎత్తు ఎంతో దాని కాటు అందే దూరం ఇంచుమించు అంతే. మీటరున్నర పాము అయితే అర మీటరు. చిన్నగా వెనక్కి అడుగులేస్తూ మూడు మీటర్ల దూరం జరిగితే అది పడగ దించి పక్కకు జారుకుంటుంది.

పడగ అంటే 'నా దగ్గరికి రాకు' అని చెప్పడం. విషం తయారు కావడానికి దానికి రోజులు పడుతుంది, ఎలుక కోసం దాచుకున్నది మనిషి మీద ఖర్చు చేయడం దానికీ ఇష్టం ఉండదు. కాట్లలో ఎక్కువ భాగం తొక్కినప్పుడు, చెయ్యి పెట్టినప్పుడు, చంపబోయినప్పుడు పడేవే. కలుపు తీసేటప్పుడు, మోపు ఎత్తేటప్పుడు ముందు కర్రతో కదపండి. రాత్రి నీళ్లు మళ్లించడానికి వెళ్లేటప్పుడు టార్చ్, మోకాలి కింద దాకా గమ్‌బూట్లు ఉంటే చాలు.

ఇంట్లోకి దూరింది. ఎలా బయటికి పంపాలి?

1. పిల్లల్ని, కుక్కను బయటికి పంపండి. ఒకరు దూరంగా నిలబడి పాము మీద నుంచి కన్ను తీయకండి. ఎటుపోయిందో తెలియకపోతే ఆ తరవాతి పని పదింతలు కష్టం.
2. పాము ఉన్న గది నుంచి ఇతర గదుల్లోకి వెళ్లే తలుపులు మూసి, కింది సందుల్లో తడిగుడ్డ కుక్కండి.
3. వీధి తలుపు ఒకటి బార్లా తెరిచి, అటు ఎవరూ నిలబడకండి. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే చాలాసార్లు అదే వెళ్లిపోతుంది.
4. వెళ్లకపోతే అటవీశాఖకు గానీ శిక్షణ పొందిన పాములు పట్టేవాళ్లకు గానీ ఫోన్ చేయండి. హైదరాబాద్ పరిసరాల్లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఈ పని చేస్తుంది.

వేడినీళ్లు పోయడం, కారం చల్లడం, కిరోసిన్ పోయడం వద్దు. పాము బీరువా వెనక్కో కప్పు సందులోకో పోతుంది, ఆపైన రెండు రోజులు ఎవరూ నిద్రపోలేరు. పట్టిన పామును ఇరవై కిలోమీటర్ల అవతలి అడవిలో వదలమని కొందరు పట్టుబడతారు. తెలియని చోట కలుగు దొరక్క, దారి తెలియక అది తిరిగి తిరిగి చస్తుంది. కిలోమీటరు లోపల, జనం తక్కువున్న చోట వదలడమే సరైన పని.

పెరటి కంచెకు కట్టిన వలలో చిక్కుకుంది. లాగి తీయవచ్చా?

లాగకండి. పొలుసులు వెనక్కి వాలి ఉంటాయి కాబట్టి వెనక్కి లాగితే నైలాన్ దారం చర్మంలోకి దిగుతుంది. ముందుకు పోయే కొద్దీ ఇంకా బిగుస్తుంది. నీడ కోసం మీద గోనెసంచి కప్పి, అనుభవమున్నవాళ్లు వచ్చి దారాలు ఒక్కొక్కటే కత్తిరించే దాకా ఆగండి. కోళ్లకు, కూరపాదులకు వల కట్టేవాళ్లు కింది అడుగు ఎత్తు దాకా వల బదులు సన్నకళ్ల ఇనుప జాలీ కట్టుకుంటే ఈ బాధ ఉండదు.

ఫినాయిల్, వెల్లుల్లి, ఈశ్వరి వేరు... వీటిలో ఏది పనిచేస్తుంది?

ఏదీ పనిచేయదు. గంధకం చల్లిన గడప దాటి పాము రావడం ఎవరైనా చూడవచ్చు. కార్బాలిక్ యాసిడ్ పిల్లలకే ప్రమాదం.

పాము వచ్చేది ఎలుక కోసం, కప్ప కోసం, చాటు కోసం. ధాన్యం బస్తాలు ఎత్తు బల్లల మీద పెట్టండి. కట్టెలు, ఇటుకలు గోడకు ఆనించకుండా, నేలకు అడుగు ఎత్తున పేర్చండి. తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ వేయండి. స్నానాలగది నీళ్లు పోయే గొట్టం బయటి మూతికి జాలీ బిగించండి. జాలీ కన్ను అర సెంటీమీటరు మించకూడదు, పిల్లపాము పెన్సిలంత లావే ఉంటుంది. బయటి దీపానికి పురుగులు, పురుగులకు కప్పలు, కప్పలకు పాము వస్తాయి కాబట్టి గుమ్మం దీపం అవసరానికే వేయండి.

గడ్డివాము కింద గుడ్లు కనిపించాయి. తీసి పారేయవచ్చా?

ఏప్రిల్ నుంచి జూలై మధ్య నాగు 10 నుంచి 30 దాకా గుడ్లు పెడుతుంది. తోలులా మెత్తగా, ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. తల్లి అక్కడే కాపలా ఉండే అవకాశం ఎక్కువ, అందుకే చేత్తో కదపకండి. 48 నుంచి 69 రోజుల్లో పిల్లలవుతాయి. తీయక తప్పకపోతే అటవీశాఖవాళ్లే తీయాలి. గుడ్డును పెట్టినప్పుడు ఏ వైపు పైన ఉందో ఆ వైపే పైకి ఉండేలా మోయాలి. తిరగేస్తే లోపలి పిండం చచ్చిపోతుంది.

మన్యంలో మోకాలి ఎత్తు ఆకుల కుప్ప మీద పెద్ద పాము చుట్టుకుని కనిపిస్తే అది గిరినాగు గూడు. ఆ వైపు పశువుల్ని తోలడం రెండు మూడు నెలలు ఆపి, అటవీశాఖకు చెప్పండి. చుట్టూ జాలీ కట్టి, పిల్లలు బయటికొచ్చాక అడవిలోకి వదిలితే ఊరికీ భయం ఉండదు, పాముకూ నష్టం ఉండదు.

నాగుపామును చంపితే కేసవుతుందా?

అవుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం నాగుల్ని రక్షిస్తుంది. చంపడం, పట్టి ఆడించడం, చర్మం అమ్మడం, ఇంట్లో పెంచడం, అన్నీ నేరాలే.

## కాటు పడితే

మొదటి పది నిమిషాల్లో ఏం చేయాలి?

పాము నుంచి దూరం జరగండి. దాన్ని వెతకొద్దు, చంపి ఆసుపత్రికి తీసుకెళ్లొద్దు. దూరం నుంచి ఫోటో దొరికితే సరే, లేకపోయినా వైద్యం ఆగదు. ఉంగరం, గాజులు, మెట్టెలు, వాచీ, కాటు పడ్డ వైపు బిగువు బట్టలు వెంటనే తీసేయండి. వాపు ఎక్కాక కోసి తీయాల్సి వస్తుంది. చెయ్యో కాలో విరిగినప్పుడు కట్టినట్టు కర్ర ఆసరా పెట్టి వదులుగా కట్టి, కదలకుండా ఉంచండి. నడిపించకండి. 108కి ఫోన్ చేయండి. బండి రావడం ఆలస్యమైతే మోటార్‌సైకిల్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి బయలుదేరండి. వాపు అంచు మీద పెన్నుతో గీత గీసి టైం రాస్తే డాక్టరుకు చాలా ఉపయోగం.

కాటు పైన గట్టిగా కట్టు కట్టాలా? కోసి రక్తం పీల్చాలా?

రెండూ వద్దు. నాగు విషంలో నరాల మీద పనిచేసే భాగంతోపాటు కండను కుళ్లబెట్టే భాగం కూడా ఉంటుంది. తాడుతో బిగిస్తే ఆ కుళ్లబెట్టే విషం అంతా ఒకేచోట నిలిచి, రక్తం ఆడక వేలు, చెయ్యి తీసేయాల్సి వస్తుంది. ఇప్పటికే ఎవరైనా బిగించి ఉంటే దారిలో విప్పకండి. ఆగిన విషం ఒక్కసారిగా ఎక్కవచ్చు. ఆసుపత్రిలో మందు, ఊపిరి సాయం సిద్ధం చేసుకుని డాక్టరే విప్పుతారు.

రెండు గాట్లు లేవు, ఒకటే గీత ఉంది. నాగు కాటు కాదా?

గాట్లు చూసి ఏదీ తేల్చలేం. ఒక కోరే దిగవచ్చు, రెండుసార్లు కాటేసి నాలుగు పడవచ్చు. కొన్ని కాట్లలో పాము విషం దించదు, మంత్రానికి తగ్గిందని చెప్పే కేసుల్లో ఎక్కువ ఇవీ, విషం లేని పాముల కాట్లూనే. విషం దిగిందో లేదో ఆసుపత్రిలో 24 గంటలు గమనించి మాత్రమే చెప్పగలరు.

నాగు విషం ఎక్కిందని ఎలా తెలుస్తుంది?

కాటు దగ్గర మంట, నొప్పి, వాపు త్వరగా మొదలవుతాయి. కట్లపాము కాటుకు ఇవి ఉండకపోవచ్చు, నాగుకు చాలావరకు ఉంటాయి. అరగంట నుంచి కొన్ని గంటల్లో కనురెప్పలు బరువెక్కుతాయి. 'పైకి చూడు' అంటే రెప్పలు లేవవు. ఒకటి రెండుగా కనిపిస్తుంది, మాట ముద్దవుతుంది, ఉమ్మి మింగలేరు, తల నిలపలేరు. చివరికి ఊపిరి కండరాలు ఆగిపోతాయి. నరం పంపే సంకేతాన్ని కండరం అందుకునే చోటును విషం మూసేయడం వల్ల ఇదంతా జరుగుతుంది.

దారిలో ఒక్క ఊపిరిలో ఎంత దాకా లెక్కపెట్టగలుగుతున్నారో చూడండి. పది నిమిషాల కిందట ఇరవై దాకా లెక్కపెట్టినవాళ్లు ఇప్పుడు ఎనిమిది దగ్గర ఆగితే ఆ మాట ఆసుపత్రిలో అడుగు పెట్టగానే చెప్పండి. వాంతులుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

విరుగుడు మందు పది సీసాలు ఎక్కించారు. చిన్నపిల్లకు అంత అవసరమా?

అవసరమే. మందు మోతాదు మనిషి బరువును బట్టి కాదు, ఎక్కిన విషాన్ని బట్టి. పాము పిల్లాడని తక్కువ విషం దించదు. మన దేశంలో తయారయ్యే విరుగుడు మందు ఒక మిల్లీలీటరు 0.6 మిల్లీగ్రాముల నాగు విషాన్ని అణుస్తుంది. పది సీసాలు అంటే వంద మిల్లీలీటర్లు, అంటే 60 మిల్లీగ్రాముల విషానికి సరిపడేది. మొదట ఇదే మోతాదు, పరిస్థితిని బట్టి మళ్లీ ఇస్తారు. ఈ మందు గుర్రాల రక్తం నుంచి తీస్తారు కాబట్టి కొందరికి దద్దుర్లు, ఆయాసం, బీపీ పడిపోవడం జరుగుతాయి. అందుకే అడ్రినలిన్ ఇంజెక్షన్ పక్కనే పెట్టుకుని ఎక్కిస్తారు. నాగు కాటుకు నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్ కూడా బాగా పనిచేస్తుంది, వాలిన రెప్పలు లేవడం కళ్ల ముందే కనిపిస్తుంది. ఊపిరి తగ్గితే వెంటిలేటర్ పెడతారు. దాన్ని చూసి ఆశ వదులుకోకండి. ఊపిరి అందిస్తూ ఉంటే నాగు విషం వదిలిపోతుంది, మనిషి లేచి కూర్చుంటారు.

ఆ ఒక్క మందు అన్ని నాగులకూ పనిచేస్తుందా?

అది నాలుగు పాములకు తయారైంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర. తయారీకి కావలసిన విషంలో ఎక్కువ భాగం చెన్నై దగ్గర వడనెమ్మేలిలో 1978 నుంచి నడుస్తున్న ఇరుల గిరిజనుల సహకార సంఘం నుంచి వస్తుంది. ఒకే నాగుపాము విషం ప్రాంతాన్ని బట్టి మారుతుందని బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు చూపించారు. తమిళనాడు పాముల విషంతో చేసిన మందు అన్నిచోట్లా ఒకేలా పనిచేయకపోవడానికి కారణం అదే. ప్రాంతాల వారీగా మందు రావాలన్నది న్యాయమైన కోరిక.

ఒంటి కళ్లజోడు నాగుకు ఈ మందు తక్కువ పనిచేస్తుంది. గిరినాగుకు పనిచేయదు. దాని మందు థాయ్‌లాండ్‌లో తయారవుతుంది. మన్యంలో గిరినాగు కాటు పడితే వెంటిలేటర్ ఉన్న పెద్దాసుపత్రికి ఎంత త్వరగా చేరితే అంత మేలు.

విషం విరిగింది, మనిషి బాగున్నాడు. కానీ కాటు చోట నల్లబడుతోంది.

నాగు కాటులో ఇది తరచూ జరిగేదే. రెండు మూడు రోజుల్లో చర్మం నల్లబడి, బొబ్బలొచ్చి, కండ కుళ్లుతుంది. విరుగుడు మందు ఆలస్యంగా పడితే దీన్ని ఆపడం కష్టం. ఆకుపసరు, పేడ, నూనె పెట్టకండి. చచ్చిన కండ తీసి శుభ్రం చేయాలి, అవసరమైతే చర్మం అతికించాలి. వేలి కదలిక పోకుండా ఫిజియోథెరపీ కూడా మొదలుపెట్టాలి. ధనుర్వాతం ఇంజెక్షన్ వేశారో లేదో అడగండి.

ఒకసారి కాటు తిని బతికితే రెండోసారి విషం ఎక్కదంటారు. నిజమా?

ఎక్కుతుంది. కాపాడేంత నిరోధక శక్తి ఒక కాటుతో రాదు. పైగా ముందోసారి గుర్రపు మందు ఎక్కించుకున్నవాళ్లకు ఈసారి దానికి ఒళ్లు ఎదురుతిరిగే అవకాశం ఉంటుంది. పాత డిశ్చార్జి కాగితం ఉంటే వెంట తీసుకెళ్లండి. లేకపోతే ఏ సంవత్సరం, ఎన్ని సీసాలు, దద్దుర్లు గానీ ఆయాసం గానీ వచ్చాయా అన్నది డాక్టరుకు మొదటే చెప్పండి.